తప్పుల మేడమ్

జూన్ 9

ఒరేయ్ కందిరీగా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమేమిటని విసుక్కుంటావు. నా ఫోన్‌లో ఇప్పుడు కంపెనీ వాళ్ళ యాప్ ఉంది. హాజరు అందులోనే, సెలవు అందులోనే, క్లాసుకి మూడు నిమిషాలు ఆలస్యమైతే మందలింపు కూడా అందులోనే. అది మన మాటలు కూడా వింటుందని మా ఫిజిక్స్ ఆయన అంటాడు. వింటుందో లేదో నాకు తెలియదు కానీ, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మేనల్లుడితో కష్టసుఖాలు చెప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మార్చి నుంచి మా ప్రభుత్వ కాలేజీని మీ కంపెనీ నడుపుతోందని నీకు తెలుసు. ప్రిన్సిపాల్ గది మీద 'క్యాంపస్ హెడ్' అని బోర్డు పెట్టారు. ఆ కుర్చీలోకి వచ్చినాయనకి ముప్పై దాటి ఉండవు. మంచివాడే, కనపడగానే నమస్కారం పెడతాడు, పెట్టాక గడియారం చూసుకుంటాడు. ల్యాబ్‌కి తాళం వేయించాడు. ఖర్చట, పైగా ప్రమాదమట. మన ల్యాబ్ అటెండర్‌ని గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళు ఆమ్లాల వాసనలో బతికిన మనిషి, "ఇక్కడ చల్లగాలికి ఊపిరాడడం లేదు మేడమ్" అంటాడు. పిల్లలేమో తెర మీద బ్యూరెట్ కుళాయిని వేలితో తిప్పుతున్నారు. రంగు మారుతుంది, గంట మోగుతుంది, మార్కులు పడతాయి. నేతిబీరకాయలో నెయ్యెంతో ఆ ల్యాబ్‌లో కెమిస్ట్రీ అంత.

అసలు సంగతికొస్తాను. నా పాఠాలన్నీ కెమెరాలో తియ్యాలంటున్నారు. పదిహేడు పేజీల కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. మా ఫిజిక్స్ ఆయన పెట్టనన్నాడు, ఆయన్ని ఎక్కడికో బదిలీ చేస్తున్నారు. నాకూ ఇష్టం లేదు. కానీ ఆ వీడియోలు సరిచేసే చోట నువ్వున్నావు కదా అని ఒక ధైర్యం. గోడకి పాఠం చెప్పడం నాకు చేతకాదురా. ఎదురుగా ఒక్క మొహం కావాలి. నువ్వుంటావా? నువ్వుంటానంటే పెడతాను.

ఆ చేతిరాత ఏమిటి, క్రితం ఉత్తరంలో? పిచ్చుక సిరాలో పొర్లినట్టుంది. నిదానంగా రాయి.

నీ అత్త

జూన్ 21

అత్తా,

సంతకం పెట్టెయ్. రికార్డింగ్ రోజుల్లో నేనక్కడే ఉంటాను. నీ పాఠాలన్నీ నా చేతి మీదుగానే బయటికి వెళ్తాయి.

నువ్విచ్చిన చాక్‌పీసు ఇప్పటికీ నా టేబుల్ మీద పెన్ స్టాండ్‌లో ఉంది తెలుసా? ఇక్కడ చూసినవాళ్ళందరూ అదేమిటని అడుగుతారు. కథ చెప్తాను. మా మేనత్త కాలేజీలో నాకు మేడమ్, ప్రతి పాఠంలోనూ కావాలని ఒక తప్పు చెప్పి, బోర్డు పక్కన చేతులు కట్టుకుని నించునేది, పట్టుకున్నవాళ్ళకి పెట్టెలోంచి కొత్త చాక్‌పీసు ఇచ్చేది, అందుకే కాలేజీ మొత్తం ఆవిణ్ణి తప్పుల మేడమ్ అనేది అని. ఆ రోజు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. "గాఢ గంధకామ్లాన్ని పలచన చెయ్యాలంటే ఆమ్లంలో నీళ్ళు పొయ్యాలి" అని రాసి నించున్నావు. క్లాసంతా బుద్ధిగా ఎక్కించుకుంది. నేను లేచి, "కాదు మేడమ్, నీళ్ళలోనే ఆమ్లం పొయ్యాలి, కొంచెం కొంచెంగా. ఆమ్లంలో నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహాన చిమ్ముతుంది" అన్నాను. నువ్వు నవ్వలేదు. చాక్‌పీసు చేతిలో పెట్టి, "వీడికి జన్మలో ఆమ్లం అంటదు" అన్నావు. నీ ఇంట్లో ఉండి మూడేళ్ళు నీ చేతి అన్నం తిన్నాను కానీ, ఆ ఒక్కరోజే నాకు గర్వంగా అనిపించింది.

కంపెనీని మరీ ఆడిపోసుకోకు. నీ క్లాసులో అరవై మంది. ఈ వీడియోలు పదకొండు క్యాంపస్‌లకి వెళ్తాయి. అవి కాక, పగలంతా పని చేసుకుంటూ ఫోన్‌లో చదువుకునేవాళ్ళు వేలమంది. వాళ్ళకి కాలేజీ గడప తొక్కే యోగమే లేదు. గుడ్డి కన్నా మెల్ల నయం కదా.

అక్టోబరు పదిహేనుకి నా ఉద్యోగం ఖాయమవుతుంది. అప్పటిదాకా నేను అద్దెకి తెచ్చిన కుర్చీ లాంటివాణ్ణి. ఆ తర్వాత ఇంటికొచ్చి రెండు రోజులుంటాను.

కందిరీగ

జూలై 14

కందిరీగా,

నీకు సిగ్గుందా?

ముందు గది సంగతి చెప్తాను. లైబ్రరీని స్టూడియో చేశారు. పుస్తకాల బీరువాలు వరండాలో వానకి తడుస్తున్నాయి. గోడలకి నల్లటి స్పంజి అంటించారు, నా గొంతు నాకే పరాయిగా వినపడింది. ఎదురుగా కెమెరా, దాని వెనకాల నల్లద్దం. అద్దం వెనక మనుషులుంటారని చెప్పారు. నువ్వు అక్కడున్నావనే ధైర్యంతో, రెండు రోజుల్లో ఇరవై రెండు పాఠాలు చెప్పాను. మైకు పెట్టిన కుర్రది తప్ప ఇంకో మొహం కనపడలేదు. నువ్వు కనీసం బయటికొచ్చి ఒక కప్పు టీ కూడా తాగలేదు. పనిలో ఉంటావులే అని ఊరుకున్నాను.

రెండో రోజు ఆమ్లం పాఠం వచ్చింది. నీకోసమే, అచ్చం ఆ రోజు రాసినట్టే రాశాను. "ఆమ్లంలో నీళ్ళు పొయ్యాలి." రాసి, చేతులు కట్టుకుని, అద్దం వంక చూస్తూ నించున్నాను. గోడ గడియారం కదులుతోంది. నలభై సెకన్లు. ఒక్క శబ్దం లేదు. చివరికి నేనే, "ఎవరూ చూడలేదా? సరే, తప్పు నేనే చెప్పాను, నేనే దిద్దుతాను" అని తుడిచి, సరైనది రాసి, ఎందుకో వివరంగా చెప్పాను. చాక్‌పీసు కూడా తీసి పట్టుకున్నాను, పెట్టెలో చివరిది. స్మార్ట్ బోర్డులు వచ్చాక కొనడం మానేశారు. ఆ పాఠం కోసమని పాత నల్లబోర్డు నేనే గోడౌను నుంచి మోయించుకొచ్చుకున్నాను. బయటికొచ్చి కసికొద్దీ ఆ చాక్‌పీసుని గేటు దగ్గర అటెండర్‌కి ఇచ్చేశాను. ఆయన దాంతో గోడ మీద ఏదో లెక్క రాసుకున్నాడు.

చెయ్యెత్తడానికి నీకేం అడ్డమొచ్చింది? ఉద్యోగం రాగానే మేడమ్ తప్పులు పట్టడం చిన్నతనమైపోయిందా?

కోపంగా,
అత్త

ఆగస్టు 2

అత్తా,

కోప్పడకు. చూశాను. చూసి నవ్వుకున్నాను కూడా. రికార్డింగ్ జరిగేటప్పుడు లోపలివాళ్ళు మాట్లాడకూడదని నిబంధన. అందుకే చెయ్యెత్తలేదు. బయటికి రావడానికి కూడా వీలుపడలేదు, ఒకదాని మీద ఒకటి పని.

నీ పాఠాలు నిన్న విడుదలయ్యాయి. అన్నిటికంటే నీవాటినే ఎక్కువమంది చూస్తున్నారు. మా పైవాడు, "ఈవిడ ఎవరయ్యా, మనసుకి హత్తుకునేలా చెప్తోంది" అన్నాడు. మా అత్త అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. పాఠాలు చెప్పినవాళ్ళతో మాకు ఏ సంబంధమూ ఉండకూడదని ఇంకో నిబంధన. మింగేశాను.

వర్షాలకి బీరువాల మీద పరదా కప్పించు. నా రికార్డు పుస్తకం కూడా వాటిలో ఎక్కడో ఉండాలి.

కందిరీగ

సెప్టెంబరు 4

కందిరీగా,

నాకిప్పుడు క్లాసులు లేవు. పాఠాలు వీడియోలో ఉన్నాయి కాబట్టి నన్ను 'హాలు పర్యవేక్షణ'కి వేశారు. అంటే ఏమిటో చెప్తాను విను. అరవై మంది చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరల్లో నన్ను చూస్తుంటారు. నేను వాళ్ళ మధ్య తిరుగుతుంటాను. అరవై తెరల్లో అరవైమంది నేను. ఒక్క తల కూడా నా వైపు తిరగదు. నిన్న ఒక పిల్లవాడు నన్ను పక్కకి జరగమన్నాడు, తెర మీద నా నీడ పడుతోందట.

అక్కడితో అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఈ రోజు ఆమ్లం పాఠం వచ్చింది. వెనక నించుని చూశాను. "ఆమ్లంలో నీళ్ళు పొయ్యాలి" అని రాశాను. చేతులు కట్టుకున్నాను. అంతే, వెంటనే తర్వాతి అధ్యాయం మొదలైంది. నలభై సెకన్లు లేవు. నేను తుడిచింది లేదు, దిద్దింది లేదు. పిల్లలు గబగబా రాసేసుకున్నారు.

క్యాంపస్ హెడ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన నమస్కారం పెట్టి, గడియారం చూసుకుని, యాప్‌లో ఫిర్యాదు పెట్టమన్నాడు. పెట్టాను. "మీ విలువైన సూచనకి ధన్యవాదాలు, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని వచ్చింది. ఇంకోసారి పెట్టాను. మళ్ళీ నక్షత్రాలే అడిగింది.

నువ్వు అద్దం వెనక కూర్చుని చూశానన్నావు. నవ్వుకున్నానన్నావు. ఆ పాఠం ఏమిటో ఈ భూమ్మీద నాకంటే బాగా నీకు తెలుసు. చూసి కూడా దాన్నెలా కత్తిరించావు? ఈ ఉత్తరం అందిన రోజే సరిచెయ్యి. జవాబు కూడా వెంటనే రాయి.

అత్త

సెప్టెంబరు 13

అత్తా,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

నేను అద్దం వెనక లేను. అసలు ఆ ఊళ్ళోనే లేను. ఆ అద్దం వెనక ఎవరూ ఉండరు. కెమెరా తీసింది తీసినట్టు మాకు ఇక్కడికి వచ్చేస్తుంది. నువ్వు సంతకం పెట్టాలని అప్పుడు అలా రాశాను. తర్వాత నీ కోపం చూసి, లేనని చెప్పడానికి నోరు రాలేదు.

ఇక్కడ పనెలా ఉంటుందంటే, పాఠాన్ని ముందు కంప్యూటరే చూస్తుంది. మూడు సెకన్లకి మించి ఎక్కడ మౌనం ఉంటే అక్కడ ఎర్ర గీత పెడుతుంది. ఆ తర్వాత వచ్చే మాటల్లో 'తప్పు', 'తుడుస్తాను' లాంటివి వినపడితే, అది పాఠం కాదు, సొంత మాటలని వాటినీ ఎర్రగా చూపిస్తుంది. పాఠం ఎనిమిది నిమిషాలు దాటకూడదు. నేను ఎర్ర గీతలు చూసి, 'అన్నీ అంగీకరించు' అని నొక్కాలి. రోజుకి తొంభై పాఠాలు. తొంభై పాఠాలు ఎవరు వింటారు అత్తా? నీదని కూడా చూసుకోలేదు. నొక్కేశాను.

ఇప్పుడు దాన్ని తెరవాలంటే, ఎవరు ఎందుకు నొక్కారో లోప నివేదిక రాయాలి. అందులో నా నంబరు ఉంటుంది. అక్టోబరు పదిహేనుకి ఇంక నెలే. లోప నివేదిక ఉన్నవాణ్ణి ఖాయం చెయ్యరు, పంపించేస్తారు. పదహారో తేదీ పొద్దున్నే నేనే రాసి, నేనే సరిచేస్తాను. నా మాట నమ్ము. ఈ నెల రోజుల్లో ఎవరు ఆమ్లం ముట్టుకుంటారు? ల్యాబులన్నీ మూసేశారు కదా. చేతులు కాలేదాకా రానివ్వను.

నీ పూర్తి పాఠం మాత్రం విడిగా ఒక కాపీ తీసి నా దగ్గర పెట్టుకున్నాను. రాత్రి చూశాను. నలభై సెకన్లూ నువ్వు నన్నే చూస్తున్నావు.

కందిరీగ

సెప్టెంబరు 21

ఒరేయ్,

మొన్న హాల్లో అందరి హెడ్‌ఫోన్లూ తీయించి, తెరలు ఆపించి, అరవై మందికీ నోటితో చెప్పాను. ఏది ఎందులో పొయ్యాలో, ఎందుకో. ఒక పిల్ల లేచి, "మరి పరీక్షలో ఏది రాయాలి మేడమ్?" అంది. పరీక్ష దిద్దేదీ కంప్యూటరే, జవాబులు అది వీడియోలోంచే తీసుకుంటుందట. సాయంత్రానికి యాప్‌లో మందలింపు వచ్చింది, అభ్యాస సమయానికి పద్నాలుగు నిమిషాలు అంతరాయం కలిగించానని.

సరే, నా అరవై మందికి చెప్పుకున్నాను. మిగతా పది క్యాంపస్‌ల వాళ్ళకి ఎవరు చెప్తారు? నువ్వు చెప్పిన ఆ ఫోన్‌లో చదువుకునేవాళ్ళకి?

పై అధికారులకి నేనే ఒక ఉత్తరం రాసి కవర్లో పెట్టాను. నీ పేరు రాయకుండా రాద్దామని చూశాను, కుదరలేదు. ఎటు తిప్పినా నీ దగ్గరికే వస్తోంది. మీ నాన్న పోయాక నిన్ను మా గడపలోకి తెచ్చుకున్న రోజు గుర్తొచ్చింది. ట్రంకుపెట్టె మీద కూర్చుని, ఏడవకూడదని పళ్ళు బిగించుకున్నావు.

ఆ కవరు పోస్ట్ చెయ్యలేదు. పదహారు దాకా ఆగుతాను. మేడమ్‌నైతే ఆగకూడదు. అత్తని కాబట్టి ఆగుతున్నాను. ఒక్క రోజు దాటితే మాత్రం ఊరుకోను.

అత్త

అక్టోబరు 8

జరిగిపోయింది.

ఫోన్‌లో మన పాఠాలు చదివే ఒకావిడ. ఇరవై ఆరేళ్ళు. రంగుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో పని చేసేది. డిగ్రీ చదువుతోందని, నీళ్ళు పరీక్షించే గదికి మార్చారు. ఆ గదిలో ఒక్కతే ఉంటుందట. అక్టోబరు మూడున గాఢ గంధకామ్లం పలచన చెయ్యాల్సొచ్చింది. వీడియోలో చెప్పినట్టే చేసింది. కుడి చెయ్యి మోచేతి దాకా, కుడి చెంప. కన్ను దక్కింది, కళ్ళద్దాలు పెట్టుకుంది కాబట్టి.

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందో తెలుసా? యాప్‌లో వచ్చింది. 'విషయ లోపం' కింద నా మీద విచారణ, ఇరవయ్యో తేదీన. లెక్చరర్ స్వయంగా తప్పు బోధించారు, వీడియోయే సాక్ష్యం అని రాశారు. ఇక్కడందరూ నన్ను అదోలా చూస్తున్నారు. స్టాఫ్ గదిలో ఒకాయన, "తప్పుల మేడమ్ అని ఊరికే అన్నారా" అన్నాడు, నాకు వినపడేలాగే.

ఇంకో సంగతి. నువ్వు నెల రోజులు పడుతుందన్న పనిని వాళ్ళు ఒక్క రోజులో చేసేశారు. నిన్న ఆ పాఠం మళ్ళీ పెట్టి చూశాను. బోర్డు మీద రాత మారింది. నా గొంతే, "నీళ్ళలో ఆమ్లం పొయ్యాలి" అంటోంది. తప్పు చెప్పకుండా మొదటే ఆ ముక్క నేను ఎప్పుడూ అనలేదు. అది నా గొంతుతో కంప్యూటర్ అన్న మాట. పదిహేడు పేజీల్లో దానికి కూడా ఒప్పుకున్నానట, పన్నెండో పేజీలో. ఇప్పుడా పాఠంలో తప్పూ లేదు, దిద్దుబాటూ లేదు. నేను ఆగి చూశాననడానికి ఆధారం నీ దగ్గరున్న కాపీ ఒక్కటే.

అది పంపించు. ఉద్యోగం పోతే పోయింది, నా ఇల్లుంది, నా పెన్షన్‌లో ఇద్దరం తింటాం. ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పి తెచ్చుకున్న పేరురా. ఇరవైలోగా పంపించు.

చేతులు కాలేదాకా రానివ్వనని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

అత్త

అక్టోబరు 16

గౌరవనీయులైన మేడమ్ గారికి,

మీ లేఖ అందినది. రికార్డింగుల మూల ప్రతులు కంపెనీ ఆస్తి. నిబంధనల ప్రకారం తొంభై రోజుల తర్వాత అవి తొలగించబడతాయి. మీరు కోరిన భాగం ప్రస్తుతం లభ్యం కాదని తెలియజేయుటకు చింతిస్తున్నాను. విచారణకు సంబంధించిన విషయాలను ఇకపై యాప్ ద్వారా మాత్రమే తెలుపగలరు.

ఇట్లు,
ఎడిటర్, నాలుగో విభాగం

అత్తా, పై ముక్క మా పైవాడికి చూపించి రాసింది. నిన్న నా ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితంతో పాటే ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, పాఠాల ప్రతులు ఏవీ నా దగ్గర లేవని. పెట్టాను. కాపీ ఉంది. అది బయటికొస్తే నేను దొంగనవుతాను, ఆ ఎర్ర గీతల కింద నొక్కింది కూడా నేనేనని తేలుతుంది. కేసు పెడతారట. నిన్ను పంపించేస్తారు, మహా అయితే అంతే కదా. నీకు ఇంకో మూడేళ్ళ సర్వీసే ఉంది. నాకు బతుకంతా ఉంది. ఇలా రాస్తున్నానని నన్ను తిట్టు, కానీ అర్థం చేసుకో. ఈ గొడవ చల్లారాక ఏదో ఒకటి చేస్తాను.

కందిరీగ

నవంబరు 5

కందిరీగా,

నన్ను 'మీరు' అన్నావు. ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

విచారణ అయిపోయింది. కుర్చీల్లో ఇద్దరు, తెర మీద ఒకరు. తెర మీదాయన బొమ్మ మధ్యలో మూడుసార్లు కదలకుండా నిలిచిపోయింది. ఆయన కదిలేదాకా మిగతా ఇద్దరూ ఓపిగ్గా ఆగారు. తప్పు కావాలనే చెప్పానని, చెప్పి ఆగానని, ఆగి దిద్దానని చెప్పాను. "ఎంతసేపు ఆగారు?" అన్నారు. నలభై సెకన్లన్నాను. "అదెక్కడుంది?" అన్నారు. కత్తిరించారన్నాను. ఎవరు కత్తిరించారో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను కావాలని చెప్పి దిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటే.

నా లోపమేనని కాగితం ఇచ్చి పంపించేశారు. పాఠాలు మాత్రం ఉంటాయట. పదకొండు క్యాంపస్‌లలోనూ ఇంకా నేనే చెప్తున్నాను. గేటు దగ్గర అటెండర్ లేచి నించున్నాడు. నా సంచీ ఆటోదాకా మోశాడు.

తర్వాత ఆ చెయ్యి కాలిన ఆవిడ ఊరు వెళ్ళాను. రెండు బస్సులు మారాలి. టైలరు కొట్టు మీద ఒక గది. కింద మిషన్లు నడుస్తుంటే నేల అదురుతూ ఉంటుంది. వాళ్ళమ్మ తలుపు తీసింది. తిడతారనే వెళ్ళాను. మంచం మీదున్న ఆవిడ నన్ను చూడగానే గబుక్కున లేవబోయింది, "మేడమ్" అంటూ. ఫోన్‌లో రోజూ చూసిన మొహం కదా. చెయ్యంతా కట్టు. చెంప మీద చర్మం ఇంకా పచ్చిగా ఉంది. నేను కూర్చోలేదు, కూర్చోమన్నా కూర్చోలేకపోయాను. తప్పు చెప్పింది నేనే, నా వల్లే ఇదంతా అని చెప్పాను.

ఆవిడ ఏమందో తెలుసా? "నాకప్పుడే అనుమానం వచ్చిందండి. చిన్నప్పుడు బళ్ళో వేరేలా చెప్పారు. నాకు కాలేజీ అలవాటు లేదు కదండీ, ఫోన్ ముందు కూర్చుని చెయ్యెత్తాను. మా అమ్మ చూసి నవ్వింది" అంది. వాళ్ళమ్మ అవునని తలూపింది. చెయ్యెత్తితే ఎవరూ చూడరని, సందేహాల పెట్టెలో రాసిందట. మీ కంప్యూటర్, "మీ లెక్చరర్ చెప్పింది సరైనదే, వీడియో మళ్ళీ చూడండి" అంది. మళ్ళీ చూసింది. మళ్ళీ రాసింది. అదే జవాబు. పరీక్షలో మాత్రం తనకి తెలిసిందే రాసింది, నీళ్ళలో ఆమ్లం అని. సున్నా వేశారు. అప్పుడు తనే తప్పనుకుంది. మళ్ళీ మరిచిపోకూడదని వీడియోలో మాటని ఒక కాగితం మీద రాసి, ఫ్యాక్టరీలో బల్ల మీద గోడకి అంటించుకుంది. "అంత పెద్ద మేడమ్‌కి తెలియదా, నాకే తెలుసా అనుకున్నానండి" అంది.

సెప్టెంబరు ఇరవయ్యొకటిన నేను పోస్ట్ చెయ్యని కవరు ఇంకా నా డ్రాయర్లో ఉంది. అది పోస్ట్ చేసి ఉంటే ఆవిడ గోడ మీద ఆ కాగితం ఉండేది కాదేమో. నిన్ను ఎంత తిట్టుకున్నా, ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి నా నోరు మూతపడుతోంది. ఇద్దరం కలిసి కాల్చాంరా ఆ చేతిని. నువ్వు చూడకుండా, నేను చూసి కూడా.

ఆ గదిలో నించుని ఆవిడకి మన క్లాసు పద్ధతి చెప్పాను. తప్పు పట్టినవాళ్ళకి కొత్త చాక్‌పీసు ఇస్తానని. నవ్వబోయి, చెంప నొప్పి పుట్టి ఆపుకుంది. "అయితే నాకు రావాలి కదండీ" అంది. పదకొండు క్యాంపస్‌లలో, ఆ వేలమందిలో చెయ్యెత్తానని నాకు చెప్పింది ఆవిడొక్కతే. నా సంచీ అంతా వెతికాను. ఒక్క ముక్క లేదు. చివరిది గేటు దగ్గర ఇచ్చేశానని రాశాను కదా.

నీ కాపీ నాకిప్పుడు వద్దు. ఉంచుకో, చెరిపెయ్యి, నీ ఇష్టం. నీ పెన్ స్టాండ్‌లో ఉన్న ఆ చాక్‌పీసు పంపించు. బజార్లో పెట్టెలకి పెట్టెలు దొరుకుతాయంటావేమో. దొరుకుతాయి. నాకదే కావాలి. విరగకుండా దూదిలో చుట్టి పంపు. ఆవిడ ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటోంది, పలక కొనిచ్చి వచ్చాను.

తప్పుల మేడమ్